ఎడమ చక్రం దగ్గర చప్పుడు

మా హైస్కూలు సముద్రానికి దగ్గరగా, రొయ్యల గుంటల మధ్యన ఉంటుంది. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయే రోడ్డులో కొంతదూరం పోయాక పక్కకు తిరగాలి. నేను అక్కడ సైన్స్ చెబుతాను. నెల్లూరులో ఒక మేడ మీది వాటాలో ఒక్కదాన్నే అద్దెకుంటాను. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక చెప్పదగ్గ కథేమీ లేదు. చేసుకోవాల్సిన రోజుల్లో అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు, అమ్మ పోయేసరికి ఆ రోజులు కూడా పోయాయి.

చాలా ఏళ్లపాటు ఆ దారిలో నాకు తోడు మా హిందీ మేడం. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేదాన్ని. నాకు పాత చిన్న కారొకటి ఉంది. అక్కకు డ్రైవింగ్ రాదు. పొద్దున్నే మా వీధి చివర మందుల షాపు ముందు క్యారియర్ పట్టుకుని నిలబడి ఉండేది. భారీ మనిషి. ఎక్కి కూర్చుంటే కారు ఎడమ పక్కకు కాస్త ఒరిగి, మళ్లీ సర్దుకునేది. సీటు బెల్టు పెట్టుకునే లోపలే మాటలు మొదలయ్యేవి.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. అక్క మాట్లాడితే వినడం నాకు హాయిగా ఉండేది. వాళ్ల అత్తగారి మోకాళ్ల నొప్పులు, తొమ్మిదో తరగతి పిల్లలు హిందీ పేపర్లో రాసే తమాషాలు, ముందురోజు సీరియల్లో ఎవరు ఎవరికి అన్యాయం చేశారో, ఆ పూట చేపల పులుసులో మామిడికాయ వేయాలా వద్దా, అన్నీ చెప్పేది. ఇందుకూరుపేట దాటాక క్యారియర్ మూత తీసి, ఎర్రకారం రాసిన దోశ చుట్ట చుట్టి నా చేతిలో పెట్టేది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో దోశ. స్కూలు గేటు ముందు కారాపి, ఇద్దరం ఫోన్లు ఎదురుగా పెట్టుకుని, మొహం చూపించి హాజరు వేసుకునేవాళ్లం. అక్క మొహాన్ని ఆ యాప్ ఒక్కోసారి గుర్తుపట్టేది కాదు. "రాత్రి నిద్ర లేదమ్మా, ఉబ్బినట్టుండాది మొహం, నేనే, నమ్ము" అని ఫోనుతో బతిమాలేది.

అక్క వాళ్ల ఆయనకు బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మాగాణి ఉంది. అటువైపు బదిలీ కావాలని ఎప్పటి నుంచో పెట్టుకుంటూనే ఉంది. మొన్నటి బదిలీల్లో వచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన రోజు స్టాఫ్‌రూంలో అందరికీ మైసూర్‌పాకు పంచింది. నాకు ఒక ముక్క ఎక్కువ పెట్టింది. సాయంత్రం కార్లో మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది.

"బుచ్చిరెడ్డిపాలెం ఎంత దూరంమే? నువ్వు ఆదివారం కారు తీస్తే ఇట్టే వచ్చేస్తావు. నేనూ బస్సెక్కి వస్తా ఉంటాలే" అంది.

"రాకపోతే నేనే వచ్చి ఎత్తుకొస్తాను" అన్నాను.

"నన్ను ఎత్తేంత బలముందా నీకు" అని ఏడుపులోనే నవ్వింది.

ఆ తర్వాతి సోమవారం మందుల షాపు ముందు అలవాటు కొద్దీ కారు వేగం తగ్గించాను. అక్కడ పాలప్యాకెట్ల ట్రేలు దించుకుంటున్నారు. గేరు మార్చి ముందుకు పోయాను. ఊరు దాటి గతుకుల రోడ్డు మొదలవగానే, ఎడమ వైపు ముందు చక్రం దగ్గర చప్పుడు వినపడింది. టక్. కాసేపటికి మళ్లీ టక్ టక్. చెక్క తలుపు మీద ఎవరో వేలి కణుపుతో కొట్టినట్టు.

మొదటి రోజు పట్టించుకోలేదు. వారం గడిచేసరికి ఆ దారిలో నేను వింటున్నది అదొక్కటే అని అర్థమైంది. ఎక్కడ గతుకుంటే అక్కడ టక్ మంటుంది. నున్నటి రోడ్డు మీద ఉండదు. వేగంగా పోతే ఉండదు. నెమ్మదిగా, జాగ్రత్తగా పోయినప్పుడే ఎక్కువ. పాటలు పెట్టి చూశాను. పాటల కింద నుంచి కూడా వినపడింది. ఆపేసి, దానికే చెవి పెట్టి నడపడం మొదలుపెట్టాను. బడికి చేరేసరికి మెడ పట్టేసేది.

టౌన్లో పెద్ద గ్యారేజీకి తీసుకెళ్లాను. వాళ్లు కారును లిఫ్టు మీద నిలువెత్తు లేపారు. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడుతుంటే, ఒకతను ఇనపకడ్డీ పెట్టి అక్కడా ఇక్కడా ఎగదోసి చూశాడు.

"అంతా టైట్‌గానే ఉంది మేడం. షాక్ అబ్జార్బర్లు వీకైనట్టున్నాయి. మార్చేద్దాం" అన్నాడు సూపర్‌వైజరు.

మార్చేశారు. కారు మునుపటికంటే మెత్తగా పోయింది, కాదనను. కానీ మర్నాడు పొద్దున ఇందుకూరుపేట దాటగానే మళ్లీ టక్. తిరిగి తీసుకెళితే సూపర్‌వైజరు తనే నడిపి చూశాడు. గ్యారేజీ ముందున్న కొత్త సిమెంటు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, "నాకేం వినపడలేదు మేడం" అన్నాడు. ఆ రోడ్డు మీద నాకూ వినపడలేదు. సముద్రం దాకా రమ్మని అడగలేకపోయాను.

ఆ ఆదివారం కారంతా ఖాళీ చేశాను. డిక్కీలో దొర్లేదేదైనా ఉందేమోనని జాకీ, స్టెప్నీ టైరు, ల్యాబు కోసం కొని మరిచిపోయిన గాజు జాడీలు అన్నీ తీసి మెట్ల కింద పెట్టాను. సీట్ల కింద చెయ్యి పెట్టి వెతికాను. ఎడమ సీటు కింద పిన్నీసులు, పిప్పరమెంటు కాగితాలు, ఎండిపోయి పొడిపొడిగా రాలుతున్న కనకాంబరాలు దొరికాయి. అన్నీ అరచేతిలో పోసుకున్నాను. అక్కకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమని చెప్పాలి? నీ పిన్నీసులు దొరికాయనా? పిన్నీసులు డబ్బాలో వేసి, మిగతావి చెత్తబుట్టలో పడేశాను. మర్నాడు ఖాళీ కారులో చప్పుడు ఇంకా స్పష్టంగా వినపడింది.

సైన్స్ చెప్పే మనిషిని కదా, కొంచెం పద్ధతిగా చూద్దామనుకున్నాను. మా బడి వెనక చేపల వాళ్ల పాలేనికి పోయే రోడ్డు మీద ఒక స్పీడ్‌బ్రేకరుంది, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. దాన్ని దాటితే కల్వర్టు దగ్గర తారు ఒక పక్కే కోసుకుపోయి గుంత పడింది. బడి వదిలాక అద్దాలు దించుకుని, ఆ రోడ్డు మీద అటూ ఇటూ నడిపాను. స్పీడ్‌బ్రేకరు మీద ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కి దిగితే చప్పుడు లేదు. కల్వర్టు దగ్గర ఎడమ చక్రం ఒక్కటే గుంతలో పడితే టక్ మంది. తిరిగి వచ్చేటప్పుడు కుడి చక్రం అందులో పడింది. అప్పుడూ టక్ మంది, కాకపోతే ఎడమ వైపే.

వలలు బాగుచేసుకుంటున్న ఒకామె చాలాసేపు నన్ను చూసి, "ఏమన్నా పారేసుకున్నావామ్మా?" అని అడిగింది.

"లేదక్కా, కారు చప్పుడు చేస్తోంది. ఎందుకో చూస్తున్నా" అన్నాను.

"అది చేసేది కాక నువ్వు దాన్ని గుంతలో వేస్తే మానుతుందా" అని మళ్లీ వలలో తల పెట్టుకుంది.

రెండు చక్రాలు కలిసి కదిలితే నోరెత్తని వస్తువు, ఒకటి కదిలి ఒకటి కదలకపోతే కొట్టుకుంటోంది. అంటే కుడి ఎడమలను కలిపే వస్తువేదో కింద ఉండాలి. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే దొరికింది. స్టెబిలైజర్ బార్ అంటారు. కారు మలుపులో ఒరిగిపోకుండా రెండు ముందు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఉండే స్ప్రింగు కమ్మీ. దాని రెండు చివర్లా జానెడు పొడవు లింకు రాడ్లు ఉంటాయి. ఆ రాడ్డు కొసన చిప్పలో గోళీలాంటిది ఇరుక్కుని తిరుగుతూ ఉంటుంది, పైన రబ్బరు తొడుగు. తొడుగు చిరిగితే గ్రీజు కారిపోతుంది, దుమ్మూ ఉప్పునీళ్లూ లోపలికి పోతాయి. గోళీ అరిగి వదులై, చిప్పలో కొట్టుకుంటుంది. చక్రాలు రెండూ కలిసి లేచినప్పుడు కమ్మీ మెలి తిరగదు కాబట్టి లింకు మీద బరువు పడదు. ఒకటే లేస్తే పడుతుంది. కారును గాల్లోకి ఎత్తితే చక్రాలు వేలాడి లింకులు బిగుసుకుపోతాయి, వదులు బయటపడదు. గ్యారేజీలో ఎందుకు దొరకలేదో అప్పుడు తెలిసింది.

ఎలా కనిపెట్టాలో కూడా ఆ వీడియోలో చూపించారు. బండి నాలుగు చక్రాల మీదే ఉండాలి. ఒక మనిషి బండిని పైనుంచి ఊపాలి. ఇంకో మనిషి కింద లింకు మీద చెయ్యేసి చూడాలి. చప్పుడు చేతికి తెలుస్తుంది.

మర్నాడు ఆదివారం. కిందికి దిగి స్టీరింగు ఎడమకు తిప్పి పెట్టి, చక్రం సందులోంచి చూస్తే ఆ రాడ్డు కనపడింది. దుమ్ము కొట్టుకుని, తుప్పు పట్టి ఉంది. కారు ముందు భాగం పట్టుకుని గట్టిగా నొక్కి వదిలి, పరుగున వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టాను. అప్పటికే కారు ఊగడం ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించాను. మా ఇంటి ఓనరు వరండాలో పేపరు చదువుకుంటూ కళ్లద్దాల మీదుగా చూశాడు. ఆయనకు గుండె ఆపరేషనైంది, ఊపమని అడగలేను. ఎదురింటివాళ్లు తిరుపతి పోయారు. చీర మట్టయి, మెట్ల మీద కూర్చుని ఫోన్లో పేర్లు పైనుంచి కిందికి జరుపుతూ పోయాను. గ్యాసాయన, కేబులాయన, ప్రధానోపాధ్యాయుడు, పిల్లల తల్లిదండ్రులు, ఒంగోలులో మా తమ్ముడు. ఒక ఆదివారం పొద్దున, కాసేపు వచ్చి నా కారు ఊపి పో అని అడగగలిగిన మనిషి ఆ ఊళ్లో నాకు ఒక్కరూ లేరు. అంతమంది పేర్లు పెట్టుకుని.

అక్కకు చేశాను. వెనక వంటింటి చప్పుళ్లు, ఎవరివో నవ్వులు.

"ఏమ్మే, బాగుండావా? ఇంట్లో చుట్టాలుండారు. కొత్త స్కూలు వాళ్లు కూడా భోజనానికొచ్చినారు. మళ్లీ చేస్తా, ఏం అనుకోవాకు."

"ఏం లేదక్కా, ఊరికే చేశాను" అన్నాను.

తర్వాత కొన్నాళ్లకు మా టీచర్లకు ముత్తుకూరులో ట్రైనింగ్ వేశారు. తిరిగి వచ్చేటప్పుడు, పోర్టు లారీల వెనక నెమ్మదిగా పోతుంటే, రోడ్డు పక్కన రేకుల షెడ్డొకటి కనపడింది. లోపల లిఫ్టు లేదు. నేలలో పాతకాలపు గుంత ఉంది, బండిని దాని మీదికి నడిపి మనిషి కిందికి దిగి పని చేసే గుంత. చక్రాలు నేల మీదే ఉంటాయి కదా అని తట్టి, కారు పక్కకు తీశాను.

షెడ్డాయనకు అరవై దగ్గర పడి ఉంటాయి. ఒక్కడే ఉన్నాడు, స్టూలు మీద కూర్చుని బేరింగు కడుగుతున్నాడు.

"ఏందమ్మా?"

"ముందు ఎడమ వైపు టక్ టక్‌మని చప్పుడన్నా. ఒక చక్రం గుంతలో పడితేనే వస్తుంది. లింకు రాడ్లేమో అనుకుంటున్నాను."

"లింకులు కాదులే. చక్రాన్ని కింద పట్టుకునుండే లోయర్ ఆర్ము ఉందే, దాని రబ్బరు బుష్షులై ఉంటాయి. ఈ ఉప్పుగాలికి ముందు అవే పోతాయి" అన్నాడు, నా మాట కొట్టిపారేస్తూ. తర్వాత చేతులు తుడుచుకుని, రోడ్డు వైపు ఒకసారి చూశాడు. "చూద్దామంటే పైన ఊపే మనిషి లేడు. పనోళ్లంతా పోర్టులోకి పోయినారు. నేనొక్కడినే ఉంటే సగం బండ్లు వెనక్కి పంపతా ఉండా."

"నేను ఊపుతాను" అన్నాను.

ఆయన గుంతలోకి దిగాడు. నేను ఎడమ చక్రం పైన రెండు చేతులూ ఆనించి నొక్కుతూ వదులుతూ ఉన్నాను. కింద నుంచి "ఊ, ఊ, ఇంకా" అంటున్నాడు. చెయ్యి ఎక్కడెక్కడో పెట్టి చూస్తున్నాడు. చివరికి పైకొచ్చి తల అడ్డంగా ఊపాడు.

"ఆర్ములు బాగానే ఉండాయి. చెవులు కూడా సరిగా వినపడవమ్మా నాకు. ఇంజన్ల పక్కనే బతికినాను."

"నేను దిగి చూడనా అన్నా? మీరు ఊపండి."

నా చీర వైపు చూశాడు. వద్దనబోయి ఊరుకున్నాడు. నేను కొంగు నడుముకు చుట్టి, చెప్పులు విడిచి, మెట్లు దిగాను. గుంత అడుగున నీళ్లు ఊరుతున్నాయి. పాదాలకు చల్లగా, జిడ్డుగా తగిలాయి. తలెత్తితే నా కారు అడుగు భాగం. ఇన్నేళ్లూ దాని పైనే కూర్చున్నాను, కింద ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఎడమ లింకు రాడ్డు మీద రబ్బరు తొడుగు రెండుగా చిరిగి వేలాడుతోంది. దాని చుట్టూ అరచెయ్యి మూసి పట్టుకున్నాను.

"ఊపండన్నా."

కారు కిందికి దిగింది, పైకి లేచింది. లేచినప్పుడు నా అరచేతిలో టక్ మంది. చెవికి కాదు, ఎముకకు తెలిసింది. ఊగే పన్ను నాలుకకు తగిలినట్టు. ఇంకోసారి ఊపమన్నాను. మళ్లీ అదే. ఇన్ని వారాలుగా అద్దం అవతల, రోడ్డు మీద ఎక్కడో ఉన్న చప్పుడు నా చేతిలోకి వచ్చింది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. గుంతలో ఉన్నాను కాబట్టి ఎవరికీ కనపడలేదు.

ఆయన కూడా దిగి వచ్చి, ఇనపకడ్డీ సందులో పెట్టి ఎగదోసి చూశాడు. రాడ్డు కొస చిప్పలో స్పష్టంగా కదిలింది. కుడి వైపుది కూడా చూశాడు, అది కాస్త తక్కువ.

"లింకులే" అన్నాడు. "రెండూ మార్చాల. ఒకటి మారిస్తే రెండోది పగబట్టినట్టు వెంటనే పోతాది. నెల్లూరులో జత తీసుకోని ఆదివారం రండి. మీరే రావాల మళ్ళీ, చెయ్యి సాయానికి."

ఆదివారం జత కొనుక్కుని పోయాను. కొత్త రాడ్లు నల్లగా, తొడుగులు ఉబ్బి, తేలికగా ఉన్నాయి. ఎడమ వైపు జాకీ మీద ఎత్తి చక్రం విప్పాడు. నట్టు తుప్పుతో రాయిలా ఉంది. తుప్పు వదిలే మందు కొట్టి, నానడానికి వదిలేసి, ఎదురు బంకులోంచి టీ తెచ్చాడు. ఇద్దరం స్టూళ్ల మీద కూర్చుని, బొగ్గు లారీలు పోవడం చూస్తూ తాగాం.

"సార్ రాలేదామ్మా?" అన్నాడు.

"సార్ లేరన్నా."

ఆయన మొహం మారిపోయింది. ఏదో అనుకున్నాడు. నేనూ దిద్దలేదు. దిద్దాలంటే చాలా మాట్లాడాలి.

"మా ఆడమనిషి కూడా కూతురి కాన్పుకని సూళ్లూరుపేట పోయింది. ఇంక ఆడే ఉండేటట్టుంది. మనమళ్లకు అలవాటు పడినట్టుంది" అన్నాడు, నా దుఃఖానికి తనదేదో జత చేయాలన్నట్టు.

నట్టు తిప్పితే దానితో పాటు లోపలి బోల్టు కూడా తిరగసాగింది. బోల్టు కొసనున్న రంధ్రంలో ఆరు పలకల ఎలన్ కీ పెట్టి ఆపి పట్టుకోవాలట. ఆ రంధ్రం తుప్పుతో పూడిపోయింది. పిన్నుతో గీకి, కీ పెట్టి నన్ను పట్టుకోమన్నాడు. బలంకొద్దీ పట్టుకున్నాను. కీ జారి, నా వేళ్ల కణుపులు బ్రేకు డిస్కుకు గీసుకున్నాయి. ఆయన తనలో తాను తిట్టుకుంటూ గ్రైండరు తెచ్చాడు. నిప్పురవ్వలు ఎగిరాయి, నట్టు తెగి గుంతలోని నీళ్లలో పడింది.

కొత్తది పెట్టబోతే రంధ్రాలు కలవలేదు. కమ్మీ చివర పైకి లాక్కుపోయి ఉంది. ఆయన సమ్మెట తీశాడు. తనకూ విసుగొచ్చింది, ఎండ రేకుల మీద మండుతోంది.

"అన్నా, కుడి చక్రం ఇంకా నేల మీదే ఉంది కదా. దానివల్ల కమ్మీ మెలిపడి ఉంటుందేమో. అటు కూడా ఎత్తితే?" అన్నాను.

వంగి అటువైపు చూశాడు. "అవును గదా. ఒంటరిగా చేసి చేసి, తొందరలో మరిచిపోతా ఉండా" అని రెండో జాకీ తెచ్చాడు. కుడి చక్రం నేల వదలగానే కమ్మీ చివర తనంతట తనే దిగి వచ్చింది. బోల్టు వేలితో తోస్తే దూరిపోయింది. కుడి వైపు పని దానికంటే తేలిగ్గా అయింది. అంతా బిగించి, కిందికి దించి, మళ్లీ ఊపి, ఇద్దరం చేతులు పెట్టి చూశాం. చప్పుడు లేదు.

"మళ్లీ ఏమన్నా ఉంటే రండి" అన్నాడు నేను కారెక్కేటప్పుడు. తర్వాత, "ఏం లేకపోయినా ఈ దారిన పోతే హారన్ కొట్టండి" అని లోపలికి పోయాడు.

అక్కకు చూపించాలనిపించింది. రెండో శనివారం చెప్పి మరీ బుచ్చిరెడ్డిపాలెం పోయాను. అక్క చిక్కింది, రంగు తేలింది. ఇల్లంతా మనుషులు. వడ్లు పట్టించిన కొత్త బియ్యంతో అన్నం, రొయ్యల వేపుడు పెట్టింది. కొత్త స్కూలుకు నలుగురు టీచర్లు ఒక ఆటో మాట్లాడుకున్నారట. వాళ్ల సంగతులన్నీ చెప్పింది. ఎవరికి ఏ కూర ఇష్టమో, ఎవరి మొగుడు ఎలాంటివాడో. నేను వింటూ తిన్నాను. వినడం నాకు అలవాటే. కానీ ఈసారి ఆ కథల్లో ఉన్నవాళ్లెవరూ నాకు తెలియదు.

భోజనాలయ్యాక కాలవ కట్ట మీద ఒక చుట్టు తిప్పుకొస్తానని కారెక్కించుకున్నాను. కట్ట రోడ్డు ఒక పక్క గతుకులే. కావాలనే ఎడమ చక్రాన్ని వాటిలో దించాను.

"విన్నావా అక్కా?"

"ఏంది వినేది? ఏం వినపడలా."

"అదే. టక్ టక్‌మనే చప్పుడు పోయింది. లింకు రాడ్లు మార్పించాను. నువ్వు పోయిన తర్వాతే మొదలైంది, ఎంత విసిగించిందో."

అక్క కిటికీ లోంచి పొలాల వైపు చూస్తూ కూర్చుంది. అది ఆమెకు అలవాటు లేని పని.

"నేను పోయినాక మొదలు కాలేదుమే" అంది చివరికి. "ముందు నుంచే ఉండింది. నా సీటు కిందే గదా వస్తా ఉండింది. నా బరువుకే అనుకున్నా."

నేను కారు నెమ్మది చేశాను.

"నువ్వు ఎప్పుడన్నా ఆ మాట అంటావేమోనని భయంగా ఉండేది. అంటే మళ్లీ నీ కారెక్కడానికి నాకు మొహం చెల్లదు. అందుకని గతుకు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి గట్టిగా మాట్లాడేదాన్ని. ఆ రోడ్డు నిండా గతుకులే గదా, నోరు నొప్పి పుట్టేది" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

"నీ బరువుకు కాదక్కా. ఉప్పుకు తుప్పు పట్టి, రబ్బరు చిరిగి, అరిగిపోయింది. ఎవరు ఎక్కినా, ఎక్కకపోయినా వచ్చేదే."

"అవునా" అంది. కట్ట చివర కారు వెనక్కి తిప్పుతుంటే, "ముందే తెలిసుంటే కాస్త నోరు మూసుకోని సముద్రం గాలి పీల్చుకునేదాన్ని" అంది.

ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నాకు మాత్రం లోపల ఎక్కడో చివుక్కుమంది. ఆ మాటలన్నీ నాకోసం చెబుతోందనే అనుకున్నాను ఇన్నాళ్లూ. కొన్ని నాకోసమే అయి ఉంటాయి. ఏవి ఏవో అడగలేం కదా. అక్క ఫోన్ మోగింది, కొత్త స్కూలు ఆవిడ. మాట్లాడుతూనే ఇంటి ముందు దిగి, నా బుగ్గ మీద చెయ్యి వేసి, లోపలికి రమ్మని సైగ చేసింది. చీకటి పడకుండా పోతానని చెప్పి బయల్దేరాను.

దసరా సెలవుల తర్వాత మా బడికి కొత్త హిందీ టీచరు వచ్చింది. చిన్న వయసు, ఇందుకూరుపేటలోనే ఇల్లు తీసుకుంది, స్కూటీ మీద వస్తుంది. వర్షం వచ్చిన రోజు ఎక్కమంటే, "పర్లేదు మేడం, రెయిన్‌కోటు ఉంది" అంది. నేనూ ఇంకోసారి అడగలేదు.

ఇప్పుడు ఆ దారిలో అద్దాలు దించుకుని నడుపుతాను. రొయ్యల గుంటల్లో ఏరియేటర్ల చక్రాలు నీళ్లు చిమ్మే హోరు, సరుగుడు తోటల్లో గాలి, అవతల ఎక్కడో సముద్రం. అక్కా నేనూ ఫోన్లు చేసుకుంటాం, ఈసారి తను చేయాలని నేను, నేను చేయాలని తను అనుకునేలోపు కొన్ని వారాలు గడిచిపోతుంటాయి. మొన్నొక సాయంత్రం బడి వదిలాక ఇంటివైపు తిరగకుండా మైపాడు దాకా పోయాను. పడవలు ఒడ్డుకు లాగుతున్నారు. ఇసుక అంచున కారాపి, ఇంజను కట్టేసి, వాళ్లు ఆఖరి పడవ లాగి ఇళ్లకు పోయేదాకా కూర్చుని, తిరిగి వచ్చాను.